గోడమీది ప్రరోచన

మొన్నటి చైత్రమాసమున నూజివీడు బస్సు నిలయమున కెదుట ఒక పెద్ద ఫ్లెక్సీ వ్రేలాడుచుండెను. అది నాటక ప్రకటన యని నాకు వెంటనే తెలియలేదు. అందలి ముఖములను లెక్కపెట్టగా పదునాలుగు తేలినవి. పై వరుసలోని పెద్దలు చేతులు జోడించి యుండిరి. క్రింది వరుసలోని యువకులు నల్ల కండ్లద్దములు ధరించి యుండిరి. ఒక మూలను, ఏ సినిమానుండియో తెచ్చి అతికించిన పెండ్లికూతురు నవ్వుచుండెను. ఆ నవ్వునకు క్రిందుగా, ఎరుపుమీద పసుపు అక్షరములతో, 'వరవిక్రయము' అని యుండెను. నాటకకర్త పేరు కొరకు వెదకితిని, లేదు. అచ్చువేసినవారి టెలిఫోను సంఖ్య మాత్రము స్పష్టముగా గలదు.

ఆ నాటకము నాడబూనినవారు నాకు పరాయివారు కారు. మా పాఠశాలలో చదివి, నేడు ఒకడు మామిడితోటలు కౌలుకు పట్టుచు, ఒకడు బ్యాంకులో గుమాస్తాగా నుండి, ఒకతె ఆసుపత్రిలో నర్సుగా పనిచేయుచు, సాయంకాలములందు కూడుకొని నాటకము లాడుకొను పిల్లలు. వారిలో కొందరికి సంధులు సమాసములు నేర్పినవాడను నేనే. ఆ చనువు చేత మరునాడు వారిని పిలిపించి, ఈ ప్రకటనను చూచి నాటకమునకు పోవలెనని యెవరికి బుద్ధి పుట్టునని యడిగితిని. "చందాలిచ్చినవాళ్ల ఫొటోలు వెయ్యకపోతే ఎట్లా మాష్టారూ? ఆ ఫ్లెక్సీ డబ్బులు కూడా వాళ్లవే గదా!" అనిరి. వారి మాటలో అసత్యము లేదు. నాకు వెంటనే ప్రత్యుత్తరము తోచలేదు. తోచినదంతయు ఇచ్చట వ్రాయుచున్నాను.

నాటకమును విడిచి నాటక ప్రకటనను విమర్శింప బూనుట, పెండ్లిభోజనమును విడిచి విస్తరాకును వర్ణించుట వంటిదని కొందరు చదువరులు నవ్వవచ్చును. కాని మన పూర్వులు ప్రకటనను నాటకమునకు వెలుపలి వస్తువుగా భావింపలేదు. భరతముని పూర్వరంగము యొక్క అంగములలో ప్రరోచన నొకదానిగా జెప్పెను. భారతీవృత్తి యొక్క నాలుగు భేదములలోను అది యొకటి. ప్రశంసచేత ప్రేక్షకుల మనస్సును ప్రదర్శనమువైపు త్రిప్పుట దాని పని. దానికి ఉదాహరణముగా పండితులు తరచుగా జూపునది హర్షుని రత్నావళి. అందు సూత్రధారుడు నాలుగే నాలుగు సంగతులు చెప్పును: కవి నిపుణుడు, సభ గుణమును గ్రహించునది, వత్సరాజు కథ మనోహరమైనది, తాము అభినయమునందు నేర్పరులము. ఈ నాటకమును ఆడుమని కోరిన రాజుల ప్రసక్తి అందును లేకపోలేదు. వసంతోత్సవమునకు నానా దిక్కులనుండి వచ్చిన రాజులు కోరగా ఆడుచున్నామని యొక్క వాక్యములో చెప్పి సూత్రధారుడు ముందునకు సాగిపోవును. ఇంకొక విశేషము గలదు. ఆ నాటకమునకు కవి స్వయముగా చక్రవర్తి. అట్టివానిని గూర్చియే కొద్ది మాటలతో ఊరకున్నపుడు, మన పదునాలుగు ముఖముల మాట ఏమనవలెను?

క్రొత్త నాటకమును జనులకు పరిచయము చేయుటలోని కష్టము కూడ వారికి తెలియనిది కాదు. మాళవికాగ్నిమిత్రమున పారిపార్శ్వకుడు, భాసాదుల ప్రసిద్ధ నాటకములుండగా నేటి కాళిదాసు కృతిపై ఆదరమేలయని యడుగును. పాతదైనంత మాత్రమున అంతయు మంచిదికాదని సూత్రధారుడు బదులు చెప్పును. కాళిదాసుకే ఆ యవస్థ తప్పలేదన్నచో, నేడు క్రొత్తగా నాటకమాడువారికి ప్రకటన యెంత యవసరమో వేరుగ చెప్పనక్కరలేదు.

ప్రరోచన యన్న మాటలోనే రుచి గలదు. మా సీమవారికి రుచి చూపుట యనగా నేమో వ్యాఖ్యానము చేయనవసరము లేదు. వైశాఖమాసమున తోటవద్దకు పోయినచో, రసము అమ్మువాడు పండు కోసి ఒక ముక్క చేతిలో పెట్టును. ఆ ముక్క ఆ పండులోనిదే. దానిని తిని, నచ్చినచో గంపెడు కొందుము. నచ్చనిచో ఇంకొక చెట్టు క్రిందికి పోవుదుము. వరిగడ్డిలో పెట్టి మాగవేసిన పండు ఒకటి యుండగా, నిషేధమున్నను లెక్కచేయక కార్బయిడు పెట్టి పచ్చబరచిన కాయ ఇంకొకటి యున్నది. రెండవదాని పసుపు రంగే కంటికి ముందుగా నానును. కొరికినవాడు మాత్రము మరుసటి వారము ఆ దుకాణమునకు పోడు. నాటక ప్రకటనలలోను ఈ రెండు జాతులు గలవు.

పూర్వకాలపు నాటక సమాజములవారి కరపత్రములు కొన్ని నేను చూచితిని. పలుచని గులాబి కాగితము, బొమ్మ లేదు, ఉన్నను అరిగిపోయిన అచ్చుదిమ్మె. కాని చెక్క అక్షరములతో నాటకము పేరు పుటకు అడ్డముగా నిండియుండును. దాని క్రింద కవి పేరు, ప్రధాన పాత్రధారుల పేర్లు, కుర్చీకి బెంచికి నేలకు వేర్వేరు ధరలు, చివరకు స్త్రీలకు ప్రత్యేకముగా స్థలము గలదని ఒక పంక్తి. ఈ చివరి పంక్తి చిన్నదిగా కనబడినను, ఇంటిలోని స్త్రీలు నాటకశాలకు పోవుటయా మానుటయా యని తేల్చునది అదియే. డప్పు కొట్టుచు జట్కామీదనుండి పంచిపెట్టిన ఆ కాగితమును చూచి మైలవరము, బందరు, బెజవాడలలో జనము రాత్రుల తరబడి నాటకములు చూచినారు. 1885 లో కడపసీమలోని సురభి గ్రామమున కీచకవధతో మొదలైన కుటుంబ నాటకసమాజమువారు స్త్రీపాత్రలను స్త్రీలచేతనే ధరింపజేసిరి. అట్టి సంగతి ప్రకటనలో ఒక్క వాక్యముగా నుండిన చాలును. వేరు బొమ్మ యక్కరలేదు.

కాళ్లకూరి నారాయణరావుగారు (1871–1927) మూడు దురాచారములపై మూడు నాటకములు వ్రాసిరి. వేశ్యాసంపర్కముపై చింతామణి, వరకట్నముపై వరవిక్రయము, మద్యపానముపై మధుసేవ. ఇందు చింతామణికి పట్టిన గతిని ప్రతి నాటక ప్రియుడును తలచుకొనవలెను. బిల్వమంగళుడు పతనమై, విరక్తుడై, లీలాశుకుడగుట ఆ నాటకము యొక్క కథ. గ్రంథమున సుబ్బిసెట్టి హాస్యపాత్ర మాత్రమే. కాని ఊరూర ఆడువారు అతని రంగమును పెంచిరి. కవి వ్రాయని మాటలు చేర్చిరి. చప్పట్లు అచ్చటనే మ్రోగుచున్నవని గ్రహించి ప్రకటనలలోను ఆ రంగమునే ముందుకు త్రోసిరి. ప్రకటనను నమ్మి వచ్చినవాడు ప్రకటించిన సరకునే కోరును; అతని కోరిక తీర్చుటకు నటుడు మరునాడు మరి నాలుగు బూతులు కలుపును; ఆ బూతులే మరుసటి ప్రకటనకు ఆధారమగును. ఇట్లు గోడయు రంగస్థలమును ఒకదానినొకటి చెడగొట్టుకొన్నవని నా యభిప్రాయము. సంస్కారము కొరకు పుట్టిన నాటకమును స్త్రీలు చూడరాని నాటకముగా జేసిన ఘనత మనదే. వైశ్య సోదరులు తమ కులమునకు అవమానము జరుగుచున్నదని చిరకాలముగా నొచ్చుకొనుచుండగా, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము చింతామణి ప్రదర్శనమును నిషేధించినది. నిషేధము న్యాయమా కాదా యని వాదించినవారు చాలమంది గలరు. కవి వ్రాసిన చింతామణిని చూచినవారెందరని యడిగినవారు తక్కువ.

ఆ కవిదే యైన వరవిక్రయమునకు ఇంతవరకు అట్టి గతి పట్టలేదు. 1939 లో సి. పుల్లయ్యగారు దానిని చలనచిత్రముగా తీసిరి. భానుమతిగారు కాళిందిగా తొలిసారి తెరమీద కనబడినది అందులోనే. 1961 లో వరకట్న నిషేధ చట్టము వచ్చినది. సింగరాజు లింగరాజు మాత్రము చావలేదు. వేషము మార్చి, ఉద్యోగము పేరు చెప్పి, అమెరికా వీసా చేతబట్టుకొని తిరుగుచున్నాడు. మా సీమలో కట్నము నగదుగానే కాక తోటగా కూడ ఇత్తురు. కాబట్టి ఈ నాటకమునకు మా ఊరిలో చేయు ప్రకటన ఉత్త అలంకారము కాదు. ఎవరింటి గోడమీద నేమి వ్రాయుచున్నామో తెలిసి చేయవలసిన పని.

పిల్లలతో ఈ మాటలన్నియు చెప్పితిని. చందాదారుల పేర్లు వేదికపై చదివి, కార్యక్రమ పత్రమున అచ్చువేయుదమనిరి. ఒక చందాదారుడు అలిగి తన రొక్కము వెనుకకు తీసికొనెను, తక్కినవారు ఒప్పుకొనిరి. ఫ్లెక్సీని దింపివేసిరి. పెండ్లి శుభలేఖలు అచ్చువేయు ఒక చిన్న ముద్రణశాలలో, పసుపు నలుపు రెండే రంగులతో కాగితపు ప్రకటనలు వేయించుటకు నిశ్చయించిరి. ఫ్లెక్సీలోని డబ్బు దానికి సరిపోయినది. బొమ్మలు వేసినవాడు వారిలోనివాడే. తండ్రి బోర్డులు వ్రాసి జీవించెడివాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ వృత్తి పోయినది. చేతివ్రాత మాత్రము కొడుకునకు దక్కినది.

అతడు ఒక్క ప్రకటన గాక, మూడు వారములకు మూడు ప్రకటనలు వేయుదమనెను. ఈ క్రమము నాకు మిక్కిలి నచ్చినది. పూర్వరంగమున వాద్యములు మ్రోగుట, తెర కదలుట, నాంది పలుకుట, కవి పేరు చెప్పుట యను నవి ఒక్కసారిగా గాక ఒకదాని వెంట నొకటి వచ్చును గదా. మొదటి వారపు కాగితములో ఒక వెదురుగంప మాత్రమే యుండెను. పైనుండి చూచినట్లు వేసినాడు: చుట్టును అల్లిన అంచు, నడుమ నల్లని గుండ్రము. క్రింద "ధర యెంత?" అని రెండే మాటలు. ఇప్పుడు కాయలన్నియు ప్లాస్టిక్కు ట్రేలలో పోవుచున్నవి కాని, మామిడి కాయల బేరమనగా మాకింకను కండ్లకు గట్టునది గంపయే. బస్సు నిలయమున మగవారు దానిని చూచి, ఏ మండీవాడో క్రొత్తగా దుకాణము పెట్టుచున్నాడని యనుకొనిరి. నీళ్లకొరకు పోవుచున్న ఇద్దరు స్త్రీలు మాత్రము, "ఏంటమ్మా ఈ నుయ్యి బొమ్మ?" అనుకొనుట నేను చెవులార వింటిని. నేను చిత్రకారుని వైపు చూచితిని. అతడు నవ్వలేదు. ఆ నాటకమున కాళింది నూతిలోబడి మరణించునని తెలిసినవారికి ఈ బొమ్మలోని నేర్పు తెలియును. కథను బయటపెట్టలేదు, అసత్యమును చెప్పలేదు. హాస్యమును మాత్రమే చూపి పిలిచినచో, నవ్వుటకు వచ్చినవాడు కాళింది చావును చూచి మోసపోయితిననుకొనును. అది కార్బయిడు పని. ఈ నల్లని గుండ్రములో ఆ చావు ముందే యున్నది.

రెండవ వారపు కాగితములో అదే గంప, ప్రక్కనుండి చూచినట్లు. వరిగడ్డిలో, బాసికము కట్టుకొని, మధుపర్కములు ధరించి, వరుడు కూర్చుండియున్నాడు. మెడలో పూలదండకు బదులు ఒక చీటి. చీటిమీద అంకె లేదు. అంకె వేయవలెనని కొందరు పట్టుబట్టిరి. వేసినచో చూచువాడు తన యింటి అంకెతో పోల్చుకొని, 'మనదింతకన్న తక్కువే' యని తృప్తిపడునని నేనంటిని. ఖాళీ చీటిని ఎవరి అంకెతో వారు నింపుకొందురు. ఈ బొమ్మ ఊరిని నవ్వించినది. పిల్లలు దాని యెదుట నిలిచి సెల్ ఫోనులలో పటములు తీసికొని ఒకరి కొకరు పంపుకొనిరి.

ఆ నాలుగవ దినమున ఒక గృహస్థుడు నన్ను కలిసికొనెను. ఆయన కుమార్తె మా పాఠశాలలో చదివినదే. "మాష్టారూ, ఊళ్లో ఇన్ని గోడలుండగా ఆ గంప అంటించడానికి మా ప్రహరీయే దొరికిందా?" అనెను. పిల్లలకు సున్నము లేని గోడ యేది కనబడిన అచ్చట అంటింతురని యేదో చెప్పితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, "మా అమ్మాయి చూసిందండీ" అని వెడలిపోయెను. ఆ చిన్నదానికి శ్రావణమాసమున వివాహము నిశ్చయమైనదనియు, రెండెకరముల చిన్నరసాల తోట అల్లుని పేర వ్రాయుచున్నారనియు తరువాత తెలిసినది.

ఇందులో నా తప్పు గలదు. బొమ్మను, అక్షరములను, రంగును ఎంచుకొన్నట్లు గోడను కూడ ఎంచుకొనవలెనని నాకు తోచలేదు. బస్సు నిలయమున ఆ గంప ఊరినంతటిని అడుగును. ఒక ఇంటి ప్రహరీమీద అదే గంప ఆ యింటివానిని వ్రేలుపెట్టి చూపును. అచ్చట అది ప్రకటన కాదు, నింద. లింగరాజును విడిచి, అమ్మజూపుచున్నవానిని విడిచి, కొనవలసివచ్చిన తండ్రిని ఎగతాళి చేసినట్లయినది. నాటకములో పురుషోత్తమరావు ఎగతాళికి పాత్రుడు కాడు. ఆ రాత్రియే పిల్లలచేత ఇండ్ల గోడలమీది కాగితములను ఊడదీయించి, మార్కెటు ప్రహరీకి, బస్సు నిలయమునకు, టీ దుకాణముల బల్లలకు మార్పించితిని. తడిసిన కాగితము పూర్తిగా ఊడక, ఆ ప్రహరీమీద సగము గంప నిలిచిపోయినది.

మూడవ వారపు ప్రకటన గోడకు కాదు, ఇంటికి. పసుపు పూసిన మూలలతో శుభలేఖ రూపమున అచ్చువేసిరి. లోపల కవి పేరు పెద్ద అక్షరములతో, నాటకము పేరు, దినము, వేళ, స్థలము, స్త్రీలకు కుర్చీలు గలవను మాట. దీనిని ఇంటింటికి తీసికొనిపోయి, బొట్టుపెట్టి స్త్రీలను పిలువవలెనని నేను సూచించితిని; నా సూచనకు నేనే మురిసితిని. భ్రమరాంబ వేషము వేయుచున్న నర్సు మాత్రము ఒప్పుకొనలేదు. "బొట్టంటే మా అమ్మను ఎట్లా పిలుస్తారండీ? మా వీధిలో అట్లాంటివాళ్లు ఇంకా ఉన్నారు గదా" అనెను. తండ్రి పోయిన యింటి పిల్ల. ఇరువది యేండ్లుగా సంఘసంస్కారమును గూర్చి బోధించుచున్న నాకు ఆ మాట స్ఫురింపలేదు. 1881 లో రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతు వివాహము జరిపించిరని ప్రతి సంవత్సరమును తరగతిలో చెప్పుదును. ఆ పాఠము నా వీధిలోని గడపవరకు రాలేదు. తుదకు ప్రతి యింట లేఖతోపాటు ఒక మామిడిపండు చేతిలోబెట్టి పిలిచిరి. ఏ గడపను విడువలేదు. కౌలుదారుడు పండ్లిచ్చెను, నేలరాలినవి కావని ప్రమాణము చేసెను.

శుభలేఖ రూపమును గూర్చి నాకొక యభ్యంతరము గలదు. ఇద్దరు ముగ్గురు నిజమైన పెండ్లి పిలుపనుకొని, విప్పి చూచి విసుగుకొనిరి. మోసము క్షణకాలమైనను మోసమే. పై కప్పుమీదనే 'నాటకము' అని యుండవలసినది.

ఈ విషయమున పరదేశములవారి పద్ధతియు కొంత తెలిసికొనదగినది. 1895 జనవరిలో పారిసు గోడలమీద ఆల్ఫాన్స్ మూషా వేసిన 'జిస్మొండా' ప్రకటన కనబడినది. సుమారు రెండు మీటర్ల యెత్తున, చేత తాటిమట్ట పట్టి నిలిచిన సారా బెర్నార్ ఒక్కతే. పైన నాటకము పేరు, నటి పేరు, క్రింద నాటకశాల పేరు. జనులు రాత్రులయందు వానిని గోడలనుండి ఊడదీసి ఇండ్లకు కొనిపోయిరట. ఆమె ఆ చిత్రకారునితో ఆరు సంవత్సరముల ఒడంబడిక చేసికొనెను. ఇటీవల, 1994 నుండి, న్యూయార్కులోని పబ్లిక్ థియేటరు వారికి పౌలా షేర్ అను నామె అక్షరములనే బొమ్మలుగా జేసి ప్రకటనలు కూర్చెను. సన్నవి, లావువి, ఇరుకైనవి, వెడల్పైనవి యగు పాతకాలపు చెక్క అక్షరముల తీరును ఆమె అనుసరించినది. ఆ పుటలను చూచినపుడు మన గులాబి కరపత్రములు నాకు జ్ఞప్తికి వచ్చినవి. వారు వెనుకకు పోయి తెచ్చుకొన్న సొగసును మనము గుజిలీకి వేసి ఫ్లెక్సీ కొనుక్కొంటిమి. బాపుగారి (1933–2014) చేవ్రాత అక్షరములు కంప్యూటరు అక్షరములై వచ్చినవి. వానిని శుభలేఖలకు వాడుచున్నాము కాని, నాటకము పేరును దాని గుణమునకు తగినట్లు చేతితో వ్రాయించుకొందమన్న బుద్ధి తగ్గినది. మా పిల్లవాడు 'వరవిక్రయము' అన్న పేరులోని 'క్ర' వత్తును తక్కెడ కొక్కెమువలె వ్రాసినాడు. ఆ ఒక్క వత్తు పదునాలుగు ముఖములకన్న నాటకమును గూర్చి ఎక్కువ చెప్పినది.

ప్రదర్శనమును గూర్చి ముక్తసరిగా చెప్పెదను. లింగరాజు బాగుండెను, కొంచెము అతిగా దగ్గెను. పేరయ్య పాత్రధారి పద్యములయందు శ్రుతి తప్పెను. కాళింది మరణించిన రంగమున ఎవరును నవ్వలేదు, ఎవరును లేచిపోలేదు. వెలయిచ్చి కొన్న వరుడు తన యింటనే యుండవలెనని కమల న్యాయస్థానమున వాదించునపుడు ఆడువారి వైపునుండి చప్పట్లు మొదలైనవి. అటువైపు కుర్చీలు చాలక చాపలు పరచితిమి. ఆ గృహస్థుని భార్యయు కుమార్తెయు మూడవ వరుసలో కూర్చుండిరి. ఆయన లోపలికి రాలేదు. టీ దుకాణము వద్ద నిలువబడి మైకులో వినుచుండెను. శ్రావణమున వివాహము జరిగినది. తోట వ్రాసియిచ్చినారు.

పిల్లలు ఈసారి కన్యాశుల్కము ఆడుదమని యనుకొనుచున్నారు. 1892 లో విజయనగరమున తొలిసారి ఆడిన నాటకము. దాని పేరు చెప్పగానే అందరును మధురవాణినో, గిరీశము చుట్టనో గోడకెక్కింతురు. లుబ్ధావధానులకు ఇయ్యదలచిన సుబ్బి యెంత పసిదో ప్రకటనలో కనబడవలెనని నేను చిత్రకారునితో అంటిని. పిల్లను వేయనా, పిల్ల చేతిలోని లక్కపిడతను వేయనా యని అతడడిగెను. రెండును వేసి తీసికొనిరమ్మన్నాను. ఈసారి అతని పనికి కూలి యియ్యవలెననియు, అతని పేరు కాగితముపై ఒక మూలనైనను వేయవలెననియు సమాజము వారికి చెప్పియున్నాను.